కారు రూఫ్ లైనింగ్ ఇంట్లోనే మార్చుకున్నాను: ఫోమ్ క్లాత్, స్ప్రే గమ్ ఎలా ఉన్నాయంటే

ముందు తీర్పు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. కారు లోపల పైకప్పు గుడ్డ ఊడి వేలాడుతుంటే దాన్ని ఇంట్లోనే, మామూలు పనిముట్లతోనే కొత్తగా వేసుకోవచ్చు. అందుకు డబ్బు పెట్టాల్సిన సరుకు రెండే: వెనకవైపు ఫోమ్ అతికి ఉండే హెడ్‌లైనర్ (పైకప్పు లైనింగ్) క్లాత్, ఎక్కువ వేడికి తట్టుకునే స్ప్రే గమ్. రెండూ వాడి చూశాను, రెండూ నాకు బాగా నచ్చాయి. కాకపోతే వీటి పనితనం కనిపించాలంటే అంతకంటే ముందు గుడ్డ వెనకుండే గట్టి బోర్డు మీద మిగిలిన పాత ఫోమ్‌ని పూర్తిగా గీకెయ్యాలి. ఆ పని సగం చేసి వదిలేస్తే ఎంత మంచి గమ్ కొట్టినా గుడ్డ మళ్లీ జారుతుంది.

నాది బాగా పాతబడ్డ సెడాన్. ఇంజన్ గట్టిగా ఉంది, ఏసీ చల్లగా వస్తుంది, అమ్మాలనిపించదు. గుడ్డ మొదట వెనక అద్దం దగ్గర చిన్న బుడగలా లేచింది. తర్వాత పైకప్పుకి ఉండే డోమ్ లైట్ చుట్టూ ఊడింది. అద్దాలు దించుకుని కాస్త స్పీడుగా వెళ్తే గుడ్డంతా గాలికి కిందికి దిగి, మిర్రర్‌లో వెనక వచ్చే బండ్లు కనిపించేవి కావు. చూడ్డానికి బాగోలేదన్నది ఒక బాధయితే, నడపడానికి టెన్షన్‌గా ఉండటం అంతకంటే పెద్ద బాధ.

ఇది ఎందుకు ఊడుతుందో తెలిస్తే ఏం కొనాలో, ఏం కొనకూడదో దానంతట అదే అర్థమవుతుంది. మనకి కింద నుంచి కనిపించేది ఒక్క గుడ్డే అయినా అక్కడ మూడు పొరలుంటాయి. పైన ఒత్తి తయారుచేసిన గట్టి బోర్డు, దాని కింద కొన్ని మిల్లీమీటర్ల మందం పాలీయురేథేన్ ఫోమ్, దాని కింద మనకి కనిపించే అల్లిక గుడ్డ. ఏళ్ల తరబడి వేడి, గాల్లోని తేమ కలిసి ఆ ఫోమ్‌ని తినేస్తాయి. దాని లోపలి బంధాలు తెగిపోయి పొడి అయిపోతుంది. ఊడిన గుడ్డ వెనక్కి చెయ్యి పెట్టి చూడండి. బోర్డుకి గమ్ ఇంకా అంటుకునే ఉంటుంది, గుడ్డకీ కాస్త ఫోమ్ అతుక్కునే ఉంటుంది. మధ్యలోది మాత్రం పాత ఇటుకని గీకినట్టు నారింజ రంగు పొడిగా వేళ్లకి వస్తుంది. అంటే చెడిపోయింది గమ్ కాదు, ఫోమ్.

అందుకే గుండుసూదులు గుచ్చడం, మెలికల పిన్నులు తిప్పడం, సిరంజితో గమ్ ఎక్కించడం లాంటివి నేను ఎవరికీ చెప్పను. గమ్ ఎంత గట్టిదైనా పట్టుకోవడానికి అక్కడ పొడి తప్ప ఏమీ లేదు. పైగా సిరంజి గమ్ గుడ్డ బయటికి ఇంకి మరకలు పడతాయి. పిన్నులు తాత్కాలికంగా తలకి తగలకుండా ఆపుతాయి, అంతవరకే.

ఇక క్లాత్ సంగతి. నేను తీసుకున్నది కార్ల కోసమే చేసే ఫోమ్ బ్యాక్డ్ క్లాత్, లేత బూడిద రంగు, వెడల్పు 60 అంగుళాలు. మామూలు కారు పైకప్పుకి ఆ వెడల్పు సరిపోతుంది, మధ్యలో అతుకు పెట్టక్కర్లేదు. పొడవు మాత్రం బోర్డు మీద టేపుని గాల్లో లాగి కొలవకూడదు. ఎండ కళ్లలో పడకుండా దించుకునే సన్ వైజర్ల దగ్గరి గుంటల్లోకి, డోమ్ లైట్ పల్లంలోకి టేపుని దింపుతూ కొలవాలి. దానికి నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు అదనంగా కలుపుకోవాలి.

ఫోమ్ లేని ఉత్త గుడ్డ చవగ్గా వస్తుంది కదా అని దాని జోలికి పోవద్దు. బోర్డు మీద ఉండే ప్రతి చిన్న గీత, ప్రతి గరుకు ఆ పల్చటి గుడ్డలోంచి కనిపిస్తుంది, గమ్ కూడా ఇంకి బయటికి వస్తుంది. ఆ ఎగుడుదిగుడులు కప్పడానికే ఫోమ్ ఉన్నది. నేను వాడిన క్లాత్‌లో ఫోమ్ పాత కొలతకి దగ్గరగా ఉంది కాబట్టి అంచుల్ని కప్పే ప్లాస్టిక్ ట్రిమ్‌లన్నీ ఇబ్బంది లేకుండా వాటి చోట్లలో కూర్చున్నాయి. మరీ మందం ఫోమ్ తీసుకుంటే డోర్ల పైన చేత్తో పట్టుకునే గ్రాబ్ హ్యాండిళ్ల దగ్గర క్లిప్పులు లోపలికి అందవు. రంగు చూసినంత శ్రద్ధగా మందం కూడా చూసుకోండి.

ఈ క్లాత్‌లో నాకు బాగా నచ్చింది సాగే గుణం. ఒక వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ సాగుతుంది. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ లాగి చూస్తే వెంటనే తెలుస్తుంది. గుంటల్లోకి ముడత లేకుండా దిగేది ఆ సాగుడు వల్లే. నచ్చని విషయం కూడా ఒకటుంది: మడతపెట్టి పంపారు. ఫోమ్‌లో పడ్డ మడత గీత ఓ పట్టాన పోదు. విప్పి, సమంగా ఉన్న చోట పరిచి చాలాసేపు వదిలేస్తే చాలావరకు తగ్గింది. వీలైతే రోల్ చుట్టి పంపేవాళ్ల దగ్గరే తీసుకోండి.

సోఫా గుడ్డో, కర్టెన్ గుడ్డో వేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. అందం సంగతి పక్కన పెట్టండి, కారులో వాడే గుడ్డకి మంట పరీక్ష ఉంటుంది. అమెరికాలోని వాహన భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302 ప్రకారం లోపలి సామగ్రి మీద మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3795 కూడా ఇలాంటి పరీక్షే. తల మీద ఉండే గుడ్డ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. కొనే ముందు ఆ మాట వివరాల్లో ఉందో లేదో చూసుకోండి.

స్ప్రే గమ్ విషయానికొస్తే, నేను వాడింది త్రీఎం వాళ్లు ఈ పనికోసమే అమ్మే హెడ్‌లైనర్ అండ్ ఫ్యాబ్రిక్ అడ్హెసివ్. పేరులోనే పని ఉన్న డబ్బా ఎందుకు వెతకాలంటే, అట్టలు, పోస్టర్లు అతికించే మామూలు మల్టీపర్పస్ స్ప్రే ఎండలో మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో మనం తక్కువ అంచనా వేస్తాం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పాల్గొన్న 2018 నాటి అధ్యయనంలో, బాగా వేడిగా ఉన్న రోజుల్లో గంటసేపు ఎండలో ఉంచిన కార్లలో గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కి, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకి చేరాయి. పైకప్పు రేకుకి ఆనుకుని ఉండే బోర్డుకి ఎండ నేరుగా తగిలిన రేకు వేడే తగులుతుంది. అక్కడ నిలబడగలిగే గమ్మే కావాలి.

ఈ స్ప్రే సన్నటి పొగమంచులా కాకుండా కాస్త పోగులు పోగులుగా పడుతుంది. అది మంచి లక్షణం. మరీ సన్నగా పడే గమ్‌ని ఫోమ్ పీల్చేసుకుంటుంది, పైన అంటుకోవడానికి ఏమీ మిగలదు. ఇది ఫోమ్ పైనే నిలబడింది. అంటించాక కూడా కొన్ని క్షణాలు గుడ్డని మెల్లగా లేపి సర్దుకునే వీలు దొరికింది. ఆ కాస్త వెసులుబాటు లేకపోతే అంత పెద్ద గుడ్డని నేరుగా వెయ్యడం కష్టం. నా సెడాన్‌కి రెండు డబ్బాలు పట్టాయి. రెండో డబ్బా చేతిలో లేకుండా పని మొదలెట్టకండి, సగంలో గమ్ అయిపోతే ఆగడానికి వీలుండదు.

ఈ రకం స్ప్రేలన్నిటికీ ఉండే ఇబ్బందులు రెండు. మొదటిది, వాసన చాలా ఘాటు, పైగా గమ్‌కి మంట తేలిగ్గా అంటుకుంటుంది. గాలి బాగా ఆడే చోట, దగ్గర్లో పొయ్యి, దీపం, స్విచ్ స్పార్క్ లాంటివేవీ లేకుండా చూసుకుని కొట్టాలి. రెండోది, గాల్లోకి లేచిన గమ్ చుట్టూ ఉన్న ప్రతిదాని మీదా పడుతుంది. బోర్డు అంచులకి పేపర్ టేపు, నేల మీద పాత దుప్పటి తప్పనిసరి. కారు లోపల కూర్చుని కొట్టే ఆలోచనే వద్దు.

పనిముట్లలో ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ సెట్ ఒకటి చాలు. ఏ కంపెనీదైనా పని జరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో పీకితే ప్లాస్టిక్ మీద గాట్లు పడతాయి. స్టార్ బిట్లు, 10 ఎంఎం సాకెట్ దగ్గర పెట్టుకోండి.

బోర్డు దించడం చూసినంత భయంకరం కాదు. సన్ వైజర్లు, వాటి కొక్కేలు, డోమ్ లైట్, గ్రాబ్ హ్యాండిళ్లు, కోటు తగిలించే కొక్కెం, డోర్ల చుట్టూ ఉండే రబ్బర్ బీడింగ్, పిల్లర్ల (అద్దాల మధ్య పైకప్పుని మోసే స్తంభాల) మీది ప్లాస్టిక్ ట్రిమ్‌లు తీస్తే బోర్డు ఇక దాదాపు ఏమీ పట్టుకోకుండా ఉంటుంది. చివరి రెండు క్లిప్పులు తీసేటప్పుడు కింద ఎవరైనా పట్టుకుని ఉండాలి. ముందు సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, మా తమ్ముడు ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని ముందు ప్యాసింజర్ డోర్‌లోంచి ఏటవాలుగా బయటికి లాగాం. హ్యాచ్‌బ్యాక్ అయితే వెనక డోర్‌లోంచి ఇంకా తేలిగ్గా వస్తుంది. బోర్డు కాస్త వంగుతుంది కానీ మధ్యలో మడత పడిందంటే ఆ గీత కొత్త గుడ్డలోంచి కూడా కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం తొందర వద్దు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదంలో పక్క అద్దాల మీదికి పరదాలా తెరుచుకునేవి) ఉన్న కార్లలో అవి సరిగ్గా ఈ బోర్డు అంచుల వెనకే, డోర్ల పైభాగంలో చుట్టి ఉంటాయి. పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, మీ కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువే, వాటిని కదిలించకండి. పిల్లర్ ట్రిమ్ క్లిప్పులు కొన్ని ఒకసారి తీస్తే మళ్లీ వాడకూడనివి ఉంటాయి, అలాంటివి కొత్తవి వేయండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు బోర్డు అంచు కిందికి వంగి దారి ఇవ్వాలి. కాబట్టి ఆ అంచుని గమ్‌తో బాడీకి అతికించడం, అక్కడ గుడ్డని మందంగా మడతలు పెట్టడం రెండూ కూడదు.

ఇప్పుడు అసలు పనికొద్దాం. గుడ్డని ఒక మూల నుంచి లాగితే పెద్ద కష్టం లేకుండా మొత్తం వచ్చేస్తుంది. మిగిలిన ఫోమ్ బోర్డు మీద పొరలు పొరలుగా, కొన్ని చోట్ల పొడిగా, కొన్ని చోట్ల జిగురుగా ఉంటుంది. నేను గట్టి నైలాన్ బ్రష్ వాడాను. వైర్ బ్రష్ వాడితే బోర్డు పైపొర చిరిగిపోతుంది. చాలా బోర్డుల్లో గ్లాస్ ఫైబర్ ఉంటుంది, దాని నూగు చర్మానికి తగిలితే దురద. మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఆరుబయట చెయ్యండి.

బ్రష్‌ని ఒకే దిక్కుగా, తేలిక చేత్తో లాగాలి. గట్టిగా నొక్కితే ఫోమ్ రాలడానికి బదులు జిగురుగా నలిగి బోర్డు రంధ్రాల్లోకి పోతుంది. కొంతసేపటికి రాలిన పొడి కుప్పలుగా పేరుకుంటుంది, దాన్ని వ్యాక్యూమ్‌తో లాగేసి మళ్లీ మొదలెట్టాలి. పూర్తయిందని ఎలా తెలుస్తుందంటే, గ్లవ్స్ తీసేసి కాదు, శుభ్రమైన తెల్ల గుడ్డ ఒకటి తీసుకుని బోర్డు మీద మెల్లగా రాయండి. గుడ్డకి నారింజ రంగు అంటితే ఇంకా పని ఉన్నట్టే. నాకు డోమ్ లైట్ చుట్టూ ఉండే పల్లంలో, వైజర్ గుంటల మూలల్లో రంగు ఎంతసేపటికీ వస్తూనే ఉంది. పాత టూత్‌బ్రష్‌తో అక్కడే కూర్చుని తీశాను. ఇప్పుడు ఎండలో కూడా ఆ మూలలు లేవకుండా ఉన్నాయంటే కారణం అదే. బోర్డు ఎక్కడైనా చిట్లి ఉంటే ఈ దశలోనే వెనకవైపు నుంచి ఫైబర్‌గ్లాస్ పట్టీ, రెజిన్‌తో అతికించి, పూర్తిగా ఆరాకే ముందుకెళ్లాలి.

అంటించేటప్పుడు మొత్తం గుడ్డని ఒకేసారి వెయ్యకూడదు. బోర్డుని రెండు బల్లల మీద పరిచి, క్లాత్‌ని దాని మీద సరిగ్గా వేసుకుని, సగం వెనక్కి మడిచాం. కనిపించే సగం బోర్డు మీదా, మడిచిన సగం ఫోమ్ మీదా రెండింటికీ గమ్ కొట్టాలి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. అంచుల దగ్గర, గుంటల్లో కాస్త ఎక్కువ. ఆ తర్వాత ఆగాలి. ఆగడమే అందరికీ కష్టంగా ఉండే భాగం.

"అన్నా, ఆరిపోతుందేమో, వేసేద్దామా?" అని మా తమ్ముడు.

"ఆగరా, ఇంకా వేలికొస్తోంది."

గమ్ మీద వేలు ఆనిస్తే పట్టుకోవాలి, తీస్తే వేలికి గమ్ రాకూడదు. అప్పుడే వెయ్యాలి. తడిగా ఉండగా వేస్తే గమ్‌ని పల్చగా ఉంచే ద్రావకం బయటికి పోయే దారి లేక ఫోమ్‌లోకి దిగుతుంది. ఫోమ్ అణగారి, గుడ్డ మీద గట్టి మరకలు తేలతాయి. ఆ మరకలు తర్వాత ఏం చేసినా పోవు. గాల్లో తేమ బాగా ఉన్న రోజు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. ద్రావకం ఆవిరవుతుంటే ఉపరితలం చల్లబడి దాని మీద తేమ పేరుకుంటుంది, పట్టు తగ్గుతుంది. నేరుగా ఎండలో కూడా వద్దు, గమ్ మరీ త్వరగా ఆరిపోతుంది.

వేసేటప్పుడు మధ్యలోంచి అంచుల వైపు, అరచేతితో మెల్లగా నిమురుతూ వెళ్లాలి. వేళ్ల కొనలతో నొక్కితే ఫోమ్‌లో గుంటలు పడి అలాగే ఉండిపోతాయి. బోర్డులో గుంట వచ్చిన చోట ముందు గుడ్డని దాని అడుగు దాకా దించి, ఆ తర్వాతే చుట్టూ ఉన్న సమతలం మీద అంటించాలి. ముందు చుట్టూ అంటించేసి, తర్వాత గుడ్డని సాగదీసి గుంటలోకి నొక్కితే, ఎండ తగిలినప్పుడల్లా అది వెనక్కి రావాలని లాగుతూనే ఉంటుంది. తమ్ముడు మడిచిన భాగాన్ని పైకెత్తి పట్టుకుని నా చెయ్యి కదిలే కొద్దీ కొంచెం కొంచెంగా వదిలాడు. ఇంకో మనిషి లేకుండా ఈ పని చెయ్యమని నేను చెప్పను.

రెండో సగం కూడా అయ్యాక అంచుల్లో అంగుళం గుడ్డ మిగిల్చి కత్తిరించి, వెనక్కి తిప్పి అతికించాం. లైటు రంధ్రం దగ్గర కత్తెర వేసినట్టు అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెట్టి రెక్కల్ని వెనక్కి మడిచాం. స్క్రూ రంధ్రాలకి చిన్న పొడుపు చాలు, కోసెయ్యకూడదు. బ్లేడు కొత్తది వాడండి, మొద్దు బ్లేడు ఫోమ్‌ని కొయ్యదు, చింపుతుంది. ఒక రోజంతా కదపకుండా వదిలేసి ఆ తర్వాత బిగించాం.

ఎండాకాలం మొత్తం బయటే నిలిపిన కారు ఇది. గుడ్డ ఎక్కడా లేవలేదు, బుడగలు రాలేదు, మరకలు తేలలేదు. క్లాత్ నూగు చేత్తో రాస్తే అలాగే మెత్తగా ఉంది. వర్షంలో రేకు మీద పడే చప్పుడు కూడా మునుపటికంటే తగ్గింది, కొత్త ఫోమ్ వల్ల అనుకుంటున్నాను. గమ్ వాసన మాత్రం అద్దాలు దించి ఉంచినా కొన్నాళ్లు ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వాసన పోయేదాకా వాళ్లని ఆ కారు ఎక్కించకపోవడమే మేలు.

సన్‌రూఫ్ ఉన్న కారైతే మొదటిసారే దాని జోలికి వెళ్లకండి. ఆ పెద్ద రంధ్రం చుట్టూ గుడ్డ ఒకే బిగువుతో తిరగాలి, దానికి చెయ్యి అలవాటు కావాలి. అలాగే చాలా పాత కార్లలో బోర్డే ఉండదు, ఇనప కమ్మీల మీద గుడ్డ కుట్టి వేలాడదీసి ఉంటుంది. వాటికి ఈ క్లాత్, ఈ గమ్ రెండూ పనికిరావు, అది కుట్టుపని తెలిసినవాళ్లు చెయ్యాల్సింది.

మీ కారులో పిల్లర్ ట్రిమ్‌లకి కూడా గుడ్డ ఉంటే, క్లాత్ కొనేటప్పుడే వాటికీ కలిపి లెక్కేసుకుని ఒకే రోల్ నుంచి కోయించుకోండి. అదే రంగు పేరుతో తర్వాత ఇంకో ముక్క తెప్పిస్తే షేడ్ కొద్దిగా తేడా వస్తుంది. పైకప్పు, పిల్లర్ కలిసే చోట ఆ తేడా పట్టపగలు స్పష్టంగా తెలుస్తుంది.